బాలుకు పట్టిన చీమలు

పోయిన వారం మిమ్మల్ని గ్రౌండు నడుమల ఎండకు నిలవెట్టి పోయిన. ముందుగాల నీడకు రాండ్రి, కత ఎక్కడ ఆగిందో చెప్త.

హన్మకొండల కాలేజీల నడుమ ఆడపిల్లల బాల్ బ్యాడ్మింటన్ ఫైనల్. ఇటు మేము, అటు ఖమ్మం జట్టు. మా జట్టు కెప్టెన్ను నేనే, నిర్మలను. మొదటి ఆట వాళ్లు గెలిచిండ్రు, రెండోది మేము గెలిచినం. మూడోది సగం అయినంక, ఇద్దరం సమానంగ ఉండంగ, నీళ్లు తాగనీకి ఆపిండ్రు. ఆ సందుల ఖమ్మం కోచ్ బాలు చేతుల వట్టుకొని చూసిండు. పసుప్పచ్చ ఉన్ని బాలు. దాని మీద ఎర్రచీమలు వరుస కట్టినయి. ఆయన బ్లేడు తెప్పిచ్చి కోసిండు. ఉన్ని పోగులు విప్పంగ విప్పంగ నడుమల శెనగ్గింజంత బెల్లం ముక్క కనవడ్డది. మేడారం బెల్లం. సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లిచ్చి, ఇంత ఇంటికి తెచ్చుకొని, కండ్లకద్దుకొని నోట్లేసుకుంటం, బంగారం అంటం దాన్ని. ఆ బంగారమే.

టోర్నమెంటుకు బాల్లన్ని ఇచ్చింది ఎవలు? కొత్తవాడల జంపఖానల దుకాణం నడిపే మా బాపు, పాండురంగం. కెప్టెన్ తండ్రి ఇచ్చిన బాలు, దాని కడుపుల బెల్లం. ఇగ ఖమ్మం కోచ్‌కు ఇంతకంటె ఏంగావాలె.

"ఇద్దరం అదే బాలుతోని ఆడినం గద సార్" అన్న నేను.

"మీరు ఇంటికాడ రోజు గసొంటి దానితోనే ఆడి ఉంటరు. మా పిల్లలకు అలవాటు లేదు" అన్నడాయన.

బెల్లం బాలుతోని ప్రాక్టీసు చేసే జట్టు భూమ్మీద యాడన్న ఉంటదా? నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మా ఆటల పీడీ వరలక్ష్మి మేడం మాత్రం నవ్వలే. ఆట ఆపి, మిగిలిన బాల్లను డబ్బలేసి తాళం పెట్టింది.

"రేపు పొద్దున కమిటీ కూసుంటది. అప్పటిదాంక గెలుపు లేదు, ఓటమి లేదు. ఇది ఎవల పనో తేలాలె" అన్నది.

అక్కడ ఆగినం. ఇగ నడువుండ్రి.

నాకు గావాల్సింది ఆ కప్పు కాదు. ఇది ముందే చెప్పి పెడ్త, మళ్ల నన్ను అనొద్దు. డిగ్రీ ఎండకాలంల అయిపోతది. దానితోనే నా ఆట గూడ అయిపోతది. మొగపిల్లగాండ్లకేంది, కాలేజీ ఇడిసినా ఏ గల్లీలనన్న నెట్టు కట్టుకొని ఆడుకుంటరు, ఎవలేమంటరు. ఆడిపిల్ల అయితె ఆఖరి పరీక్ష నాడు బ్యాటు స్టోరు రూముల అప్పజెప్పి రావాలె. మా సీనియర్లందరు అట్లనే అప్పజెప్పి పోయిండ్రు. ఒక్కొక్కరు ఎంత మంచిగ ఆడేటోళ్లు. ఇప్పుడు బజార్ల కనవడితె ఆట మాట ఎత్తరు, కూరగాయల ధరలు మాట్లాడ్తరు.

ఒక్కటే తొవ్వ ఉన్నది. హైద్రాబాద్‌ల ఒక పెద్ద ఆఫీసుకు ఆడోళ్ల జట్టు ఉన్నది. నౌకరి ఇస్తరు, పొద్దుమీకి గ్రౌండుకు పంపుతరు. జీతమిచ్చి మరీ ఆడిపిస్తరు. ఆ జట్టు మేనేజర్ రాజేశ్వర్ రావు సార్ నా ఆట చూడనీకే బస్సెక్కి అచ్చిండు. ఆ ఎండల తువ్వాల నెత్తిమీదేసుకొని రెండాటలు కదలకుంట చూసిండు. చీమల్ని గూడ చూసిండు, నా కర్మ.

నేను ఇంటికి పోదామని రిక్షా కోసం చూస్తాంటె ఆయన సైకిల్ స్టాండు కాడ ఆపిండు.

"వెనక ఎడమ దిక్కు నుంచి నువ్వు తీసే బాల్లు మా జట్టుల ఎవ్వరు తియ్యలేరు. నౌకరి నీదే అనుకో" అన్నడు.

ఆయన గొంతుల 'కానీ' ఉన్నది, అది నాకు ఇనవడ్డది.

"కానీ, మచ్చ ఉన్న పిల్లను ఎట్ల తెచ్చినవని పై ఆఫీసర్లు నన్నడుగుతరు. అది తేలిపోవాలె. ఫికర్ చెయ్యకు, తేలుతది గూడ. ఇందాక కాలేజీ ఆఫీసు నుంచి మీ నాయినకు ఫోన్ చేసిన. బాల్లు చుట్టే ముసలామె ఎవలో ఉన్నదట గద, సమ్మమ్మ. జాతరకు పోయొచ్చిందట. ఆమె పనే అన్నడు మీ నాయిన. రేపు కమిటీల నువ్వు గూడ ఆ పేరే చెప్పు. అయిపాయె."

ఎంత అల్కగ చెప్పిండు. రిక్షాల కూసున్నంక గూడ నాకు ఆ 'అయిపాయె' చెవులల్ల తిరుగుతనే ఉన్నది. ఆయన చెడ్డోడు కాదు, నన్ను తీస్కపోదామనే అచ్చిండు. ఆ తొందరల ముసలామె పేరు ఎక్కడ పడ్డా ఆయనకు ఒకటే.

సమ్మమ్మ ఎవలో మీకు చెప్పాలె. మా ఇంటి ముందర దుకాణం, వెనుక షెడ్డు. షెడ్డుల ఆడోళ్లు కూసొని ఉన్ని బాల్లు చుడ్తరు. అందరి కంటె పాతామె సమ్మమ్మ. నేను ఇంకా పలక వట్టనప్పుడే, మిగిలిపోయిన ఉన్నితోని ఒక బాలు చుట్టి నా చేతుల పెట్టింది. గోడకు కొట్టుకుంట కొట్టుకుంట నేను ఆటగత్తెనైన. జట్టు మొత్తంల నాకు కోచ్ అంటె ముందుగాల ఆ గోడ, తర్వాత సమ్మమ్మ. బాలు ఇప్పుకపోయినప్పుడల్ల ఒక్క మాట అనకుంట మళ్ల చుట్టిచ్చేది.

నేను పోయేసరికి అందరు ఇండ్లకు పోయిండ్రు. ఆమె ఒక్కతే కాళ్లు చాపుకొని కూసొని బాలు చుడుతాంది. పక్కన కూసున్న.

"అవ్వా, ఒక మాట అడుగుత. కోపానికి రావద్దు. ఫైనల్ బాల్ల బంగారం నువ్వు వెట్టినవా?"

"ఏం బంగారం?"

చీమల కాడి నుంచి మొత్తం చెప్పిన. ఆమె ముందు నవ్వింది. చీమలు వట్టిన బాలు అంటె ఎవలకైన నవ్వస్తది మరి. తర్వాత నా మొఖం చూసి నవ్వు ఆపింది.

"బాలును మీరు ఏంజేస్తరు బిడ్డా?"

"ఏం జేస్తం, బ్యాటుతోని కొడ్తం."

"తల్లుల బంగారాన్ని బ్యాట్లతోని కొట్టిపిస్తనా నేను? నా పేరే ఆ తల్లి పేరు. పంచేటప్పుడు ఒక్క పలుకు కిందవడితె ఎవలన్న తొక్కుతరని ఏరుకొని నోట్లేసుకున్న. అసొంటిదాన్ని కొట్టే బాల్ల వెడ్తనా? ఏం మాట బిడ్డా అది."

నాకు సిగ్గయింది. నిజమే గద. జాతరకు పోయి, గద్దెల కాడ మొక్కి, ఆ బెల్లం మోసుకొచ్చినామె చేసే పని కాదది. అది ఎవలో మొక్కు తెల్వనోళ్లు చేసిన పని. భయం మాత్రం మస్తుగ ఉండి, మొక్కు ఎట్ల మొక్కాల్నో తెల్వనోళ్లు. మా ఇంట్ల జాతరకు ఎన్నడు పోనిది ఒక్క మనిషే. అడిగినప్పుడల్ల 'దుకాణం ఎవలు చూస్తరు' అంటడు.

సమ్మమ్మ మళ్ల చుట్టుడు మొదలుపెట్టింది. తల ఎత్తకుంటనే అన్నది, "ఆ ఫైనల్ డబ్బ బాల్లు నేను చుట్టనే లేదు బిడ్డా. సేటు ఆనాడు అందర్ని జల్ది ఇండ్లకు పొమ్మన్నడు."

దుకాణంలకు పోయిన. బాపు జంపఖానలు మడత వెడ్తాండు. అంచుకు అంచు కలిపి, చేత్తోని సాపు చేసి, ఒకదాని మీద ఒకటి.

"అచ్చినవా. కూసో. చాయ్ తెమ్మంట" అన్నడు.

"రాజేశ్వర్ రావు సార్‌కు సమ్మవ్వ పేరు చెప్పినవట."

"చెప్పిన."

"ఆమె పెట్టలే బాపు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

ఇంకో జంపఖాన తీసిండు. మడత వెట్టకుంట ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.

"నేనే వెట్టిన గాబట్టి."

నేను లొల్లి చేస్తననుకున్న. ఆయన చేతులనే చూసిన. బాపు ఉన్ని ముట్టక ఎన్నేండ్లైందో. సేటు అయినంక చుట్టుడు బంద్ చేసిండు. పెండ్లైన కొత్తల తను, అమ్మ ఇద్దరు కూసొని చుట్టేటోళ్లట. ఆ చేతులు మళ్ల ఆనాడు తలుపు ఏసుకొని, ఎవ్వలు చూడకుంట చుట్టినయన్నట్టు.

"నువ్వు దేవున్ని మొక్కంగ నేనెన్నడు చూడలే" అన్న.

"మొక్కను. అది సమ్మమ్మ పంచింది, చేతుల ఉన్నది. వెట్టిన." ఒళ్లె ఉన్న జంపఖాన అంచు సాపు చేసిండు. "నీ ఆటకు నేనెన్నడు రానని నీకు కోపం. పాండురంగానికి బిడ్డ ఆట కంటె బాల్ల ఆర్డరే ఎక్కువ అంటరు బజార్ల. అననీ. నువ్వు కాలేజీల చేరిన కొత్తల ఒక్కసారి అచ్చిన. గోడ అవుతల నిలవడ్డ. నువ్వు ఒక బాలు ఇడిసినవ్. అంతే, ఇగ ఆడ ఉండలేకపోయిన. దుకాణానికొచ్చి షట్టర్ దించుకొని కూసున్న. నువ్వు ఇంటికొచ్చి గెలిచినమని చెప్పేదాంక గిరాకీని గూడ రానియ్యలే. నాకు నీ ఆట చూసే ధైర్యం లేదు బిడ్డా. నేను రాలేను, నా తరఫున అదన్న ఉంటదనుకున్న."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తిరగాల్నా వద్దా అని ఆలోచించే లోపలనే తిరిగినయి. కాని సమ్మమ్మ పేరు యాదికొచ్చి మళ్ల గుండె గట్టివడ్డది.

"మంచిది బాపు. ఆమె పేరెందుకు చెప్పినవ్ మరి?"

"ఇను. నా పేరొస్తె ఆర్డరు పోతది. యూనివర్సిటోళ్లు రేపటి నుంచి బాల్లు జలంధర్ నుంచి తెప్పిచ్చుకుంటరు. షెడ్డు మూతవడ్తది, అండ్ల చుట్టే ఆడోళ్లందరు ఇండ్లల్ల కూసుంటరు. నీ నౌకరి పోతది. ఆమె పేరొస్తె ఏంబోతది? ముసల్ది, తెల్వక చేసింది అంటరు, ఊకుంటరు. ఆమెను నేను కూసోవెట్టి చూస్కుంట. ఏ లోటు రానియ్య."

బాపు యాపారం మాట్లాడేటప్పుడు అన్ని సక్కగనే ఉంటయి. ఎక్కడ కాదనాల్నో తెల్వదు. ఎదుటోడు తలూపి సంతకం పెట్టి పోతడు. నేను చిన్నప్పటి నుంచి చూస్తాన.

"ఆమె పేరు పోదా?" అన్న.

జవాబు వెనుక నుంచి అచ్చింది. సమ్మమ్మ షెడ్డు తలుపు కాడ నిలవడ్డది, ఎప్పుడొచ్చిందో.

"నేను ఒప్పుకుంట సేటు. నాది పోయేదేమున్నది. పిల్ల ఆడాలె గద."

"నువ్వు ఊకో అవ్వా" అన్న. గట్టిగనే అన్న. నాకు ఇద్దరి మీద కోపమొచ్చింది. ఒకాయన ఇంకోలది తీసి ఇస్తాండు, ఒకామె తనది తీసి ఇస్తాంది, నేను మాత్రం చెయ్యి చాపి తీసుకోవాలె.

అప్పుడే అమ్మ చాయ్ తెచ్చింది. మా అమ్మ లక్ష్మీనర్సమ్మ. నా ఆట గురించి ఇన్నేండ్లల్ల ఒక్క మంచిమాట ఆమె నోట్లకెల్లి ఇనలే. ఎండకు నల్లవడ్డవంటది, మోచేతులు మొద్దువారినయంటది, ఆ బ్యాటు ఇంట్లకు తేకు, బయట పెట్టంటది. లోపల్నుంచి అంతా ఇన్నట్టున్నది. కప్పులు పెట్టి, నా దిక్కు చూడకుంట అడిగింది.

"ఒక్క బాల్లనేనా దొరికింది?"

"ఎన్ని దొరుకుతె ఏందమ్మా" అన్న కసిరినట్టు. కొంప మునుగుతాంటె ఇదా అడిగేది? అమ్మ లోపలికి పోయింది.

"రేపు నేను నిజమే చెప్త బాపు."

"చెప్తె ఏమైతదో తెలుసా?"

"తెలుసు. మా జట్టు ఓడినట్టు. రాజేశ్వర్ రావు సార్ బస్సెక్కి పోతడు."

"మరి?"

"సమ్మవ్వ పేరు చెప్పి హైద్రాబాద్ పోయిన్ననుకో. ఆడ నా మీదికొచ్చే ప్రతి బాలు ఆమె చుట్టిందే అనిపిస్తది. ఎట్ల కొట్టాలె దాన్ని?"

బాపు కప్పు నా దిక్కు జరిపిండు.

"చాయ్ సల్లగైతాంది. తాగు" అన్నడు.

తెల్లారి నేను తయారైతాంటె అమ్మ దువ్వెన వట్టుకొని అచ్చింది. పదో తరగతి నుంచి నా జడ నేనే ఏసుకుంట. ఎన్నడు లేనిది ఇయ్యాల ఏంది అనుకున్న గాని, వద్దనబుద్ధి గాలే. గట్టిగ జడ అల్లి, నిన్న నేను కట్టుకున్నది కాక, పెట్టెలకెల్లి మా జట్టు ఎర్ర రిబ్బన్ ఇంకోటి తీసి కట్టింది. అద్దంల చూసుకుంటె ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి.

"ఇదేంది, గిట్ల కురసైంది?"

"ఎలుక కొరికింది. పో, పొద్దువోతాంది."

కమిటీ కూసున్న రూముల బల్లకు ఒక దిక్కు వరలక్ష్మి మేడం, వేరే కాలేజీల పెద్దసార్లిద్దరు. ఇంకో దిక్కు ఖమ్మం కోచ్. మూలకు రాజేశ్వర్ రావు సార్, ఒళ్లె సంచి. సమ్మమ్మ నా కంటె ముందే అచ్చింది. కుర్చీ ఇచ్చినా కూసోకుంట గోడకానుకొని కింద కూసున్నది. ఉతికిన చీర కట్టుకున్నది.

"ఈమె ఒప్పుకున్నది నిర్మలా. తనే వెట్టిన్నంటాంది. కెప్టెన్‌గ నువ్వు అవునంటె మాట అయిపోతది" అన్నది మేడం.

మళ్ల అదే 'అయిపోతది'. సమ్మమ్మ నాకు కండ్లతోనే సైగ చేసింది, అను అని. రాజేశ్వర్ రావు సార్ చిన్నగ తలూపిండు.

"ఆమె పెట్టలే మేడం. మా బాపు పెట్టిండు."

సమ్మమ్మ కండ్లు మూసుకున్నది. రాజేశ్వర్ రావు సార్ సంచి జిప్పు ఏసిన సప్పుడు ఇనవడ్డది. పోయింది, నా ఆట పోయింది, అనుకున్న. అనుకున్నంత ఏడుపు రాలే.

"నా బిడ్డ చెప్పింది నిజం."

తలుపు కాడ బాపు. చెప్పులు బయట ఇడిసి లోపలికొచ్చిండు. నేను రిక్షాల ఒంటరిగనే అచ్చిన, ఆయన వెనుక వస్తాండని తెల్వదు. బల్ల ముందర నిలవడి చేతులు కట్టుకున్నడు. యాపారం మాట్లాడే గొంతు కాదది.

"ఈ పిల్లకు తెల్వదు. ఈ ముసలామెకు తెల్వదు. బాలు గెలిపిస్తదని వెట్టలే సార్. నేను చూడనీకి రాలేక వెట్టిన. తప్పే. నా ఆర్డరు తీసేయుండ్రి. పిల్లల్ని మాత్రం ఆడనియ్యుండ్రి. ఈమెకు చేతులెత్తి దండం పెడ్త, నిన్న ఈమె పేరు చెప్పిన."

నిజంగనే సమ్మమ్మ దిక్కు తిరిగి చేతులు జోడిచ్చిండు. ఆమె లేవబోయి, లేవలేక, "అయ్యో సేటు, అదేంది" అన్నది. మా బాపు మీద నాకు అంత ప్రేమ ఎన్నడు రాలే. దుకాణంల గల్లా ముందర కూసున్నప్పుడు ఆయన అంత పెద్దమనిషిగ ఎన్నడు కనవడలే.

పెద్దసార్లు ఒకరి చెవుల ఒకరు మాట్లాడుకున్నరు. అండ్ల తెల్లజుట్టాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"ఒక్క బాలు. తండ్రి భయపడి చేసిన పని. పిల్ల తప్పు లేదు. మూడో ఆట సాయంత్రం వేరే బాలుతోని మొదటి నుంచి ఆడిపిద్దం. ఏమంటవ్ ఖమ్మం?"

ఖమ్మం కోచ్ గడ్డం గోక్కున్నడు. "సరే" అన్నడు. "కాకపోతె డబ్బల మిగిలినయి గూడ కోసి చూద్దం. ఒక్కదాంట్లనే అని తేలితె నాకేం అభ్యంతరం లేదు."

"ఒక్కదాంట్లనే" అన్నడు బాపు. "కొయ్యుండ్రి."

రాజేశ్వర్ రావు సార్ లేవబోయినాయన మళ్ల కూసున్నడు. సంచి కింద పెట్టిండు. అది చూసి నా పానం లేచొచ్చింది. సాయంత్రం సర్వీసు ముందుగాల ఎవలికి ఇయ్యాల్నో గూడ మనసుల అనుకుంటాన.

మేడం తాళం తీసింది. కోచ్ ఒక్కొక్క బాలు కోసి, పోగులు విప్పి, బల్ల మీద పరుస్తాండు. ఒకదాంట్ల ఏం లేదు. రెండోదాంట్ల ఏం లేదు. మూడోది కొయ్యంగనే బ్లేడు ఆగింది. పోగులు మెల్లగ పక్కకు తీసిండు.

బెల్లం ముక్క. దాని చుట్టు గట్టిగ చుట్టి, ముడేసిన ఎర్ర పేలిక.

"నేను ఒక్కదాంట్లనే..." అన్నడు బాపు. మొఖం పాలిపోయింది. "అది నేను వెట్టింది కాదు. ఆ చుట్టు నా చుట్టు కాదు."

కోచ్ ముడి విప్పి, ఆ పేలికను బల్ల మీద సాపుగ పరిచిండు. వేలెడంత రిబ్బన్ ముక్క. కత్తెరతోని సక్కగ కత్తిరిచ్చింది. దాన్ని చూసిండు, తల ఎత్తిండు, నన్ను చూసిండు.

"కెప్టెనమ్మా, జర అటు దిక్కు తిరుగు."

తిరిగిన. నా జడను ఎవలు ముట్టుకోలే గాని, రూముల అందరు దాన్నే చూస్తాండ్రని నాకు తెలుస్తనే ఉన్నది. మేడం లేచొచ్చి ఆ ముక్కను నా రిబ్బన్ పొట్టి కొసకు ఆనిచ్చింది. ఆనిచ్చి, అట్లనే నిలవడ్డది.

"నీకేం తెల్వదన్నడు గద మీ బాపు, నిర్మలా. ఇది నీది కాదా?"

రాజేశ్వర్ రావు సార్ సంచి మళ్ల చేతికి తీసుకున్నడు. నేను నోరు తెరిచిన. ఒక్క మాట చెప్తె నేను బయటవడ్త. ఆ మాట నిన్న చాయ్ కప్పులు పెట్టుకుంట అమ్మనే నన్నడిగింది, నేనే ఇనలే.

ఒక్క బాల్లనేనా దొరికింది?